పుట్టుకలో దెబ్బతిన్న బిడ్డలు, ఆలస్యంగా బయటపడిన జబ్బులు: తల్లిదండ్రులు అడిగేవాటికి ఖచ్చితమైన జవాబులు కావాలి

ఫిజియో_పద్మ
థెరపీ సెంటర్‌కి బిడ్డని ఎత్తుకొచ్చే తల్లులు దాదాపు ఇవే అడుగుతారు. నాకు వ్యాయామాలు తెలుసు గానీ చట్టం తెలీదు. ఇక్కడ రాస్తే ప్రింటు తీసి గోడకి అంటిస్తాను.

పుట్టగానే ఏడవలేదు, ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) పెట్టారు, ఏడో నెలొచ్చినా మెడ నిలబడట్లేదు. తప్పు డాక్టరుదేనా? చెయ్యి వేలాడిపోతోంది, లాగినప్పుడు నరం దెబ్బతిందంటున్నారు, కేసు అవుతుందా? కేసు షీటు అడిగితే "కోర్టు ఆర్డరు తెండి" అన్నారు, నిజంగా అలాంటి రూలుందా? రెండేళ్లు దాటితే ఇక దారి లేదా? సర్కారు ఆసుపత్రయితే ఎవరి దగ్గరికి పోవాలి?

అన్నిటికన్నా బాధేసేదేంటంటే, చాలామంది బిడ్డకి మూడో ఏడు వచ్చాక డిశ్చార్జి కాగితం ఒక్కటే పట్టుకుని వస్తారు. అప్పటికి మిగతా కాగితాలేవీ చేతిలో ఉండవు.

రికార్డురూమ్_రాజు
కోర్టు ఆర్డరు అక్కర్లేదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళిలోనే ఉంది: రోగి గానీ, రోగి రాసిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అదే నియమావళి ప్రకారం చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు రికార్డు దాచాలి. 3 ఏళ్లు దాటాక "పాత కాగితాలు తీసేశాం" అంటే వాళ్లని పట్టుకోవడం కష్టం. అందుకే ముందు కాగితాలు, కోపం తర్వాత.

నోటితో అడిగితే అడిగినట్టు కాదు. తెల్లకాగితం మీద రాసి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. తీసుకోకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి.

"కేసు షీటు ఇవ్వండి" అని ఒక్క ముక్క రాస్తే డిశ్చార్జి సమ్మరీ జిరాక్స్ తీసి చేతిలో పెడతారు. పేరుపేరునా రాయాలి: అడ్మిషన్ నోట్సు, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగిందో గీసే చార్టు), బిడ్డ గుండె చప్పుడు రాసిన చార్టు, సీటీజీ కాగితం (బిడ్డ గుండె చప్పుడునీ నొప్పులనీ మిషను గీసేది), మందుల చార్టు, నర్సుల నోట్సు, సమ్మతి పత్రాలు, ఆపరేషన్ అయితే ఓటీ నోట్సు, మత్తు డాక్టరు చార్టు, పుట్టినప్పటి బిడ్డ నోట్సు, ఎన్‌ఐసీయూ చార్టు, ల్యాబ్ రిపోర్టులు, వేరే ఆసుపత్రికి పంపితే రిఫరల్ లెటరు.

సీటీజీ గురించి ఒకటి. అది వేడికి అచ్చు పడే కాగితం, బస్సు టికెట్ లాంటిది. కొన్నేళ్లలో తెల్లబడిపోతుంది. చేతికి రాగానే మొత్తం పొడవూ జిరాక్స్ తీయించి, ఫోనులో స్కాన్ చేసుకోండి. ఎంఆర్‌ఐకి ఫిల్మ్‌తో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడగండి.

సందేహాల_సుబ్బు
72 గంటలు దాటినా ఇవ్వకపోతే?

వకీలు_హనుమకొండ
రెండు పనులు. ఒకటి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు. రికార్డు ఇవ్వకపోవడం కూడా అక్కడ దుష్ప్రవర్తన కిందికే వస్తుంది. రెండు, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి, రికార్డు తెప్పించమని అదే కమిషన్‌ని అడగొచ్చు. అప్పటికీ తేలేకపోతే, రికార్డు వాళ్లకి వ్యతిరేకంగా ఉంది కాబట్టే దాచారని కమిషన్ అనుకోవచ్చు. రాజు గారు చెప్పిన స్టాంపు పడిన కాపీ ఉంటేనే ఈ మాట నిలబడుతుంది.

సర్కారు ఆసుపత్రికైతే సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి.

గోదారి_గట్టు
ఇన్ని కాగితాలెందుకండీ, ముందు స్టేషన్‌కి వెళ్లి ఎఫ్‌ఐఆర్ వేయిస్తే ఆసుపత్రోళ్లే కాళ్ల దగ్గరికొస్తారు. పదిమందిని తీసుకెళ్లి గేటు ముందు కూర్చుంటే అదే రోజు తేలిపోద్ది.

వకీలు_హనుమకొండ
గట్టు గారూ, ఈ సలహా వల్లే మంచి కేసులు పాడవుతున్నాయి. జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. దర్యాప్తు అధికారి ముందు ఆ విభాగపు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే సర్కారు డాక్టరుది. ఊరికే అరెస్టు చేయకూడదు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ 304ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106 వచ్చింది. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే డాక్టరుకి గరిష్ఠంగా 2 ఏళ్లు. అది మరణానికి సంబంధించిన సెక్షన్. బతికున్న బిడ్డ విషయంలో వర్తించదు.

ఇక గేటు ముందు గొడవ పడితే అద్దం ఒకటి పగులుతుంది, ఎదురు కేసు పడుతుంది. ఆరు నెలలు బెయిలు చుట్టూ తిరుగుతారు. ఈలోగా ఫిజియోథెరపీ ఆగిపోతుంది. క్రిమినల్ కేసుతో బిడ్డ ఖర్చుకి ఒక్క రూపాయీ రాదు, ఆ డబ్బు వచ్చేది కన్స్యూమర్ కమిషన్ నుంచి గానీ సివిల్ కోర్టు నుంచి గానీ.

గోదారి_గట్టు
సరే, గొడవ సంగతి ఒప్పుకుంటా. కానీ మెడికల్ కౌన్సిల్‌కి వెళ్తే డాక్టర్ల మీద డాక్టర్లే తీర్పు చెప్పేది. అక్కడ న్యాయమేం దొరుకుద్ది?

వకీలు_హనుమకొండ
కౌన్సిల్ డబ్బు ఇప్పించలేదు. హెచ్చరించగలదు, కొంతకాలం గానీ పూర్తిగా గానీ రిజిస్ట్రేషన్ తీసేయగలదు. ఆసుపత్రి మీద దానికి అధికారం లేదు, డాక్టరు మీదే. అయినా నేను వెళ్లమనే అంటాను. అక్కడ డాక్టరు రాసిచ్చే సంజాయిషీ కమిషన్ కేసులో పనికొస్తుంది.

లేబర్‌రూమ్_సిస్టర్
పద్మ గారి మొదటి ప్రశ్నకి వస్తాను. "తప్పెవరిది" అనేది డిశ్చార్జి కాగితంలో దొరకదు. పురిటి నొప్పుల గంటల్లో ఎవరు ఎప్పుడు ఏం రాశారన్న దాంట్లో దొరుకుతుంది. నేను చార్టు చేతికొస్తే ఈ వరసలో చూస్తాను.

బిడ్డ గుండె చప్పుడు: నొప్పులు బాగా మొదలయ్యాక కనీసం అరగంటకోసారి, తల్లి ముక్కే దశలో 5 నిమిషాలకోసారి విని రాయాలి. మామూలుగా నిమిషానికి 110 నుంచి 160. చార్టులో మూడు గంటల ఖాళీ ఉండి, చివర్లో "చప్పుడు తగ్గింది, ఎమర్జెన్సీ" అని ఉంటే, ఆ మూడు గంటలే అసలు ప్రశ్న. ప్రతి గంటా 140, 140, 140 అని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే అది కూడా ప్రశ్నే. బిడ్డ గుండె అంత నిలకడగా కొట్టుకోదు.

ఆక్సిటోసిన్: నొప్పులొచ్చే డ్రిప్పు. ఎప్పుడు మొదలు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు పెంచారు, ఎప్పుడు ఆపారు. పది నిమిషాల్లో 5 నొప్పులు దాటితే డ్రిప్పు తగ్గించాలి లేదా ఆపాలి, ఎందుకంటే నొప్పికీ నొప్పికీ మధ్యలోనే బిడ్డకి మాయ ద్వారా ఆక్సిజన్ అందేది. బిడ్డ బయటికి రాకముందు ఆక్సిటోసిన్ కండకి పొడిచారంటే అది తప్పే, రెండో మాట లేదు. 10 యూనిట్లు కండకి ఇచ్చేది బిడ్డ పుట్టాక, తల్లికి రక్తస్రావం కాకుండా.

పార్టోగ్రాఫ్: గర్భాశయ ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో గీసే గీత. పాత పద్ధతి చార్టులో హెచ్చరిక గీత, దానికి 4 గంటల తర్వాత చర్య గీత ఉంటాయి. రెండోది దాటాక కూడా ఎవరూ నిర్ణయం తీసుకోకపోతే ఎందుకని అడగాలి. చార్టే ఖాళీగా ఉంటే, మొత్తం కాన్పు అయ్యాక నింపారేమో చూడాలి.

ఉమ్మనీరు: ఎప్పుడు పోయింది, ఏ రంగు. పచ్చగా చిక్కగా ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసిందన్నమాట. అది ఒక్కటే ప్రమాదం అనలేం, గుండె చప్పుడుతో కలిపి చూడాలి.

సిజేరియన్: నిర్ణయం రాసిన టైము, బిడ్డ బయటికొచ్చిన టైము. "30 నిమిషాలు" అని అందరూ అంటారు. అది ఆసుపత్రి తన పని తాను కొలుచుకోవడానికి పెట్టుకున్న గీటురాయి. 35 నిమిషాలైతే నేరం అనేసే గీత కాదు. రెండు గంటలైతే మాత్రం మత్తు డాక్టరు ఎక్కడున్నారు, రక్తం ఎక్కడుంది అని అడగాల్సిందే.

సందేహాల_సుబ్బు
సిస్టర్ గారూ, మీరు క్లాసు పెడితే మొదటి బెంచీ నాది. వాక్యూమ్ పెట్టి లాగడమే తప్పని మా వైపు అంటారు, అదీ?

లేబర్‌రూమ్_సిస్టర్
కాదు. బిడ్డ తల బాగా కిందికి దిగి, గుండె చప్పుడు పడిపోతుంటే వాక్యూమే బిడ్డని కాపాడుతుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తల ఇంకా పైనే ఉండగా పెట్టడం, 34 వారాలు నిండని బిడ్డకి పెట్టడం, కప్పు రెండుమూడు సార్లు ఊడినా, మూడు లాగుళ్లకీ తల కదలకపోయినా ఆపకుండా లాగడం. నోట్సులో తల ఎక్కడుంది, ఎన్నిసార్లు లాగారు, ఎన్నిసార్లు ఊడింది, ఎన్ని నిమిషాలు అన్నవి ఉండాలి. "వాక్యూమ్ డెలివరీ, లైవ్ బేబీ" అని ఒక్క లైను ఉంటే ఆ లైనే వాళ్లని ఇబ్బందిలో పెడుతుంది.

లాగిన తర్వాత బిడ్డ నెత్తి మీద మెత్తగా, చెవుల దాకా, మెడ దాకా పాకే వాపు వస్తే అది మామూలు బొప్పి కాదు. చర్మం కింద రక్తం పోతోంది. గంటల్లోనే బిడ్డ తెల్లబడుతుంది. తల చుట్టుకొలత మళ్లీ మళ్లీ కొలిచి రాశారా లేదా చూడండి.

పిల్లల_డాక్టర్_నెల్లూరు
సిస్టర్ రాసింది అక్షరాలా నిజం. ఇంకో వైపు కూడా చెప్పాలి, ఎవరికీ రుచించకపోయినా. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) వచ్చిన బిడ్డల్లో ఎక్కువమందికి కాన్పు గంటల్లో ఆక్సిజన్ అందకపోవడం కారణం కాదు. నెలలు నిండకపోవడం, కడుపులో ఉండగా ఇన్ఫెక్షన్లు, మెదడు ఏర్పడటంలో లోపం, జన్యు కారణాలు, పుట్టాక వచ్చిన పచ్చకామెర్లు, మెదడువాపు ఇవన్నీ ఉన్నాయి. మేనరికం ఉన్న ఇళ్లలో జన్యు, జీవక్రియ జబ్బులు తప్పక చూడాలి.

కాన్పులోనే దెబ్బ తగిలిందని చెప్పాలంటే కొన్ని ఆనవాళ్లు కలిసి రావాలి. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ 7.0 కన్నా తక్కువ, బేస్ డెఫిసిట్ 12 లేదా అంతకన్నా ఎక్కువ (రెండూ రక్తంలో ఆమ్లం ఎంత పేరుకుందో చెప్పే లెక్కలు). 5 నిమిషాలకీ 10 నిమిషాలకీ ఆప్గార్ స్కోరు (పుట్టిన బిడ్డ స్థితికి 10కి వేసే మార్కులు) చాలా తక్కువ. మొదటి 24 గంటల్లో మత్తుగా ఉండటం, ఫిట్స్. కిడ్నీ, కాలేయం కూడా దెబ్బతినడం. మొదటి వారంలో తీసిన ఎంఆర్‌ఐ చాలా చెబుతుంది: ఉన్నట్టుండి పూర్తిగా ఆక్సిజన్ ఆగితే మెదడు లోతు భాగాలు దెబ్బతింటాయి, గంటల తరబడి కొంచెం కొంచెంగా తగ్గితే రక్తనాళాల సరిహద్దు ప్రాంతాలు. ఏ గంటలో ఏం జరిగిందో దాన్నిబట్టి సిస్టర్ చెప్పిన చార్టుతో జోడించి చూడొచ్చు.

"బర్త్ ఆస్ఫిక్సియా" (పుట్టేటప్పుడు ఊపిరి అందలేదు) అని డిశ్చార్జిలో రాసినంత మాత్రాన రుజువైపోలేదు. అలాగే అదే ఆసుపత్రి కాన్పు నోట్సులో "పుట్టగానే ఏడ్చింది" అనీ, ఎన్‌ఐసీయూ నోట్సులో "5 నిమిషాలు బ్యాగ్ మాస్క్" (అంటే సంచితో ఊపిరి ఊదారని) అనీ ఉంటే, రెండింటిలో ఒకటి అబద్ధం. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

గోదారి_గట్టు
ఊపిరందక దెబ్బతిన్న బిడ్డని చల్లబరిచే చికిత్స ఉంటుందంట కదా? 6 గంటల్లోపు మొదలెట్టి 72 గంటలు చేయాలంట. చేయలేదంటే నిర్లక్ష్యమే కదా.

పిల్లల_డాక్టర్_నెల్లూరు
6 గంటలు, 72 గంటలు, 33 నుంచి 34 డిగ్రీలు, మీరు చదివింది సరే. కానీ ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో చేసిన హెలిక్స్ పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. చల్లబరిచిన బిడ్డల్లో వైకల్యం తగ్గకపోగా మరణాలు పెరిగాయి. కాబట్టి ఇక్కడ "చల్లబరచలేదు" అన్న ఒక్క పాయింటు మీద కేసు కట్టకండి. అంతకన్నా బలమైన ప్రశ్నలున్నాయి: మొదటి నిమిషంలో ఊపిరి అందించే పని మొదలైందా? కాన్పు దగ్గర ఆ శిక్షణ ఉన్న మనిషి ఉన్నారా? పంపాల్సిన చోటికి ఎంతసేపటికి పంపారు? దారిలో ఆక్సిజన్, గ్లూకోజ్ చూశారా?

ఫిజియో_పద్మ
చెయ్యి వేలాడే బిడ్డల గురించి ఎవరూ రాయలేదు. ఈ నెలలోనే అలాంటి బిడ్డలు ముగ్గురు వచ్చారు. ఒక బిడ్డకి అప్పటికే పదకొండో నెల.

పిల్లల_డాక్టర్_నెల్లూరు
పదకొండో నెల అంటే ఆపరేషన్‌కి మంచి సమయం దాటిపోయినట్టే. ఇది చదివే ప్రతి తల్లికీ చెప్పండి: భుజం నరాల దెబ్బ చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కానీ 3 నెలలు నిండేసరికి మోచెయ్యి మడవలేకపోతే, ఇంకా చూద్దాం అనకుండా నరాల సర్జరీ చేసే చోటికి పంపాలి. నరం అతికే ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 9 నెలల మధ్య చేస్తారు. "ఏడాది చూద్దాం, తగ్గిపోద్ది" అన్న సలహా కూడా ఆలస్యపు నిర్లక్ష్యమే. కాన్పు చేసినవాళ్ల తప్పేం లేకపోయినా, ఈ సలహా ఇచ్చినవాళ్ల తప్పు ఉండొచ్చు. రెండూ వేర్వేరు కేసులు.

కనురెప్ప వాలి, ఆ వైపు కంటిపాప చిన్నగా ఉంటే కింది నరాలు కూడా పోయాయి. అలాంటి బిడ్డని ఇంకా తొందరగా పంపాలి.

లేబర్‌రూమ్_సిస్టర్
కాన్పు వైపు నుంచి: తల వచ్చి భుజం ఇరుక్కోవడం చాలాసార్లు ముందే పసిగట్టలేం. తల్లికి షుగరు, బిడ్డ 4 కిలోలు దాటడం, ఇదివరకు ఇలాగే జరగడం ఉంటే మాత్రం ముందే మాట్లాడి ఉండాలి. ఇరుక్కున్నాక చేయాల్సింది తల్లి తొడలు పొట్ట మీదికి మడవడం, బొడ్డు కింద ఎముకకి పైన నొక్కడం, తర్వాత లోపల వెనక వైపున్న బిడ్డ చేతిని ముందు బయటికి తీయడం. చేయకూడనిది పొట్ట పైభాగం ఎక్కి నొక్కడం, తల పట్టుకుని వంచి లాగడం. పొట్ట ఎక్కి నొక్కారని తల్లి చెబితే ఆ మాట తేదీతో సహా ఆమె చేతే రాయించండి. ఆ గదిలో ఏం జరిగిందో చూసింది ఆమే. చార్టులో అది ఎవరూ రాయరు.

సందేహాల_సుబ్బు
అసలు కాన్పు బాగానే జరిగి, తర్వాత జబ్బు కనిపెట్టకపోతే?

పిల్లల_డాక్టర్_నెల్లూరు
పిల్లల్లో నాలుగు చోట్ల ఇది ఎక్కువ.

నెలలు నిండని బిడ్డ కళ్లు: 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకీ 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు గానీ 1200 గ్రాముల లోపు గానీ అయితే రెండుమూడు వారాలకే. డిశ్చార్జి కాగితంలో తేదీతో సహా రాసివ్వాలి. రాయలేదంటే చూపు పోయాక ఏ సాకూ నిలవదు.

పచ్చకామెర్లు: పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడితే అది మామూలు కామెర్లు కాదు. అరచేతులు, అరికాళ్ల దాకా వస్తే "ఎండలో పెట్టండి" అనకుండా రక్త పరీక్ష చేయాలి. తల్లి గ్రూపు నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి 72 గంటల్లో యాంటీ డి ఇంజెక్షన్ పడాలి.

పుట్టుకతో థైరాయిడ్ లోపం: మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షలో తెలుస్తుంది. రెండు వారాల్లోపు మందు మొదలైతే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ఆరో నెలలో తేలితే పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదు.

వృషణం మెలిపడటం: 6 గంటలే సమయం. కుర్రాడికి పొత్తికడుపు నొప్పి అని చెప్పి గ్యాస్ మందు ఇచ్చి పంపితే పొద్దున్నకి వృషణం పోతుంది. ఆ వయసులో సిగ్గుపడి చెప్పరు, డాక్టరే అడిగి చూడాలి.

వకీలు_హనుమకొండ
కళ్ల విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఉన్నాయి. 2015లో తమిళనాడు సర్కారు ఆసుపత్రి కేసులో సుమారు 1.8 కోట్లు. 2019లో ఢిల్లీ కేసులో, 32 వారాలకి పుట్టిన బిడ్డకి, 76 లక్షలు.

ఆలస్యంగా కనిపెట్టడం మీద మన హైదరాబాద్ కేసే ఉంది, వి. కిషన్ రావు కేసు. జ్వరంతో చేరిన ఆయన భార్యకి టైఫాయిడ్ అని మందులు వాడారు, అది మలేరియా. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షలిచ్చింది, పై కమిషన్లు కాదన్నాయి, 2010లో సుప్రీంకోర్టు జిల్లా తీర్పునే నిలబెట్టింది. అందులో మనకి పనికొచ్చే మాట: ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదు. తప్పు కళ్లకి కనిపిస్తుంటే రికార్డు చాలు.

కానీ కాన్పు కేసుల్లో మాత్రం నిపుణుడు లేకుండా వెళ్లొద్దని నా మాట. కారణం ఏంటన్నది సంక్లిష్టంగా ఉంటుందని డాక్టరు గారు పైన చూపించారుగా. మన జిల్లాలో ఎవరూ రాసివ్వకపోతే పక్క రాష్ట్రం వాళ్లని అడగండి. లేదా రికార్డుని సర్కారు వైద్య కళాశాల బోర్డుకి పంపమని కమిషన్‌ని కోరండి.

ఆలస్యం కేసులో రెండు తేదీలు చూపించాలి: ఏ రోజు ఏ లక్షణం చూసి ఏ పరీక్ష రాయాల్సింది, ఏ రోజు రాశారు. ఆ మధ్యలో జబ్బు ఎంత ముదిరింది. రొమ్ములో గడ్డ అని వెళ్తే ఆరు నెలలు మాత్రలిచ్చారు అనుకోండి. అప్పటి స్కాన్‌లో గడ్డ కొలత, ఇప్పటి కొలత పక్కపక్కన ఉండాలి. ఏ రోజు కనిపెట్టినా ఫలితం ఇదే అని వాళ్లు నిరూపిస్తే, ఆలస్యం నిజమే అయినా పరిహారం రాదు.

డాలస్_తెలుగు
ఇక్కడ టెక్సస్‌లో లాయర్లు ముందు ఫీజు అడగరు, గెలిస్తే అందులో వాటా తీసుకుంటారు. కేసు బలంగా లేదనుకుంటే అసలు ముట్టుకోరు. నొప్పి, బాధకి ఇచ్చే సొమ్ముకి డాక్టరు మీద 250,000 డాలర్ల పరిమితి ఉంది. అక్కడ వాటా పద్ధతి లేదా?

వకీలు_హనుమకొండ
లేదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం గెలుపు మీద వాటా మాట్లాడుకోకూడదు. "సగం మాకు, సగం మీకు" అని ఎవరైనా అంటే ఆ మనిషికి దూరంగా ఉండండి. డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. స్త్రీలకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోను 15100. బిడ్డ పేరున, తల్లి పేరున అడిగితే కాదనడానికి లేదు.

కమిషన్ ఖర్చు కూడా భయపడేంత కాదు. ఎంత పరిహారం అడిగారన్నది లెక్క కాదు, ఆసుపత్రికి ఎంత కట్టారన్నదే లెక్క. కట్టింది 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్రం, ఆ పైన జాతీయం. కట్టింది 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు సున్నా. కాబట్టి లక్షన్నర బిల్లు కట్టి, కోటి అడుగుతున్నా జిల్లాలోనే, ఉచితంగానే. పైగా మీరుంటున్న జిల్లాలో వేసుకోవచ్చు, ఆసుపత్రి ఉన్న ఊరికి పోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు.

వాళ్ల జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అది దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. జిల్లాలో ఓడి అప్పీలుకి వెళ్లాలంటే వాళ్లు సగం సొమ్ము జమ చేయాలి. చట్టంలో 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని ఉంది. నిజంగా ఏళ్లు పడుతుంది, ఆ ఓపికతో దిగండి. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో గడ్డ తీసే ఆపరేషన్ తర్వాత రెండు కాళ్లూ పడిపోయిన ఇంజనీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయలిచ్చింది 2009లో. ఆయన చక్రాల కుర్చీలో వచ్చి తన కేసు తానే వాదించుకున్నారు.

సందేహాల_సుబ్బు
రెండేళ్ల గడువు సంగతి చెప్పలేదు. బిడ్డ మైనరు కదా, 18 ఏళ్లు వచ్చేదాకా టైముందని ఒకాయన అన్నాడు.

వకీలు_హనుమకొండ
సగం నిజం, ఆ సగం నమ్మి చాలామంది మునిగారు. సివిల్ కోర్టులో బిడ్డ సొంత దావాకి మేజరయ్యాక 3 ఏళ్ల దాకా వెసులుబాటు ఉంది. కానీ కమిషన్‌లో గడువు 2 ఏళ్లు, తల్లిదండ్రుల సొంత బాధకి ఆ వెసులుబాటు వర్తించదు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది గానీ, మన్నిస్తారనుకుని ఆగడం తప్పు. 18 ఏళ్ల తర్వాత రికార్డు ఎక్కడుంటుంది? రాజు గారు చెప్పారుగా, 3 ఏళ్లే.

"మాకు ఇప్పుడే తెలిసింది" అనే వాదన కూడా ఉంది. కడుపులో గాజుగుడ్డ మర్చిపోతే, తెలిసిన రోజు నుంచే లెక్క. కానీ 2010లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా మాత్రలు మింగుతూ ఎవరికీ చూపించుకోకపోతే ఆ లెక్క చెల్లదు. మెడ నిలబడట్లేదని ఎవరు, ఎప్పుడు మొదటిసారి రాశారో ఆ చీటీ దాచండి.

గోదారి_గట్టు
సర్కారు ఆసుపత్రి సంగతి? ఆరోగ్యశ్రీ?

వకీలు_హనుమకొండ
వి.పి. శాంత కేసు, 1995. అందరికీ పూర్తిగా ఉచితమైతే కన్స్యూమర్ చట్టం కిందికి రాదు. ఓపీ చీటీకి ఇచ్చిన నామమాత్రపు రూపాయి లెక్కలోకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రయితే, ఉచిత రోగి కూడా వినియోగదారుడే. మీ బదులు బీమా గానీ, పనిచేసే సంస్థ గానీ కడితే అదీ ఉచితం కాదు. ఆరోగ్యశ్రీలో ప్రైవేటు ఆసుపత్రికి ట్రస్టు డబ్బు కడుతుంది కాబట్టి ఇదే వాదన పెట్టాలి, ప్యాకేజీ ఆమోద పత్రం జతచేసి.

పూర్తి సర్కారుదైతే సివిల్ దావా. ముందు 2 నెలల నోటీసు. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేకపోతే నిర్ధనుల దావాగా వేయొచ్చు. తప్పు స్పష్టంగా కనిపిస్తుంటే హైకోర్టులో రిట్ (సర్కారు మీద నేరుగా వేసే పిటిషన్).

రికార్డురూమ్_రాజు
సంతకాల గురించి ఎవరూ అనలేదు. "ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాం కాబట్టి అయిపోయిందని ఊరుకుంటారు చాలామంది. అది చికిత్సకి సమ్మతే, నిర్లక్ష్యానికి కాదు. అసలు భయపడాల్సిన సంతకం డిశ్చార్జి రోజున ఉంటుంది. బిల్లు మాఫీ చేస్తాం అని "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అన్న లైను మీద పెట్టించుకుంటారు. చదవకుండా పెట్టకండి.

లెక్కల_మాస్టారు
అడిగే మొత్తం ఎలా కట్టాలో నాకు తెలిసినంత. గాల్లో "కోటి" అని రాస్తే తగ్గించేస్తారు. ఇప్పటిదాకా అయిన బిల్లులు ఒక పట్టిక. ఫిజియోథెరపీ వారానికి ఎన్నిసార్లు, ఒక్కోసారికి ఎంత, ఏడాదికి ఎంత. ఫిట్స్ మందులు నెలకి ఎంత. కాళ్లకి ఊతగా కట్టే పట్టీలు పిల్ల ఎదిగేకొద్దీ మార్చాలి, చక్రాల కుర్చీ కొన్నేళ్లకోసారి. చూసుకునే మనిషి జీతం, తల్లి ఉద్యోగం మానేస్తే ఆమె జీతం స్లిప్పులు. ప్రయాణాలు. ఇంట్లో ర్యాంపు, బాత్రూమ్ మార్పు. వీటన్నిటి మీద ధరల పెరుగుదల. 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో బిడ్డకి వేరుగా, తల్లిదండ్రుల మనోవేదనకి వేరుగా ఇచ్చారు, 12.5 లక్షలు, 5 లక్షలు. కాబట్టి మీరూ రెండు భాగాలుగా రాయండి.

ఫిజియో_పద్మ
మాస్టారూ, ఆ పట్టిక నేను మా రిజిస్టర్ నుంచే తీసివ్వగలను. ప్రతి సెషన్‌కీ తేదీ, రశీదు ఉన్నాయి. ఇంతకాలం వాటికి విలువ ఉందని అనుకోలేదు.

పిల్లల_డాక్టర్_నెల్లూరు
చాలా విలువ ఉంది. నెలనెలా బిడ్డ ఏం చేయగలుగుతోందో మీరు రాసే నోట్సు కూడా. మరో సంగతి: కేసు నడిచినన్నాళ్లూ ఖర్చుకి సదరం సర్టిఫికెట్ (సర్కారు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) తీయించండి. 40 శాతం పైన ఉంటే పెన్షన్ లాంటి పథకాలకి అదే దారి. సెరిబ్రల్ పాల్సీ బిడ్డలకి నేషనల్ ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి మొత్తం లక్ష దాకా ఇస్తుంది, థెరపీకి అందులో కొంత భాగమే. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ కేంద్రం (పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చూసేది) ఉంటే అక్కడ థెరపీ ఉచితం. సదరం తీసుకుంటే కేసు బలహీనపడుతుందని కొందరు భయపెడుతున్నారు, అది తప్పు. అది వైకల్యానికి సర్కారు ఇచ్చిన రుజువు.

సందేహాల_సుబ్బు
రికార్డు కోసం ఇచ్చే దరఖాస్తు ఎలా రాయాలో ఎవరైనా పెట్టండి, అచ్చంగా రాసుకునేలా.

వకీలు_హనుమకొండ
"మెడికల్ సూపరింటెండెంట్ గారికి. నేను ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో ఫలానా ఐపీ నంబరుతో చేరి, ఫలానా తేదీన ప్రసవించాను. నా పూర్తి ఇన్‌పేషెంట్ రికార్డు, నా బిడ్డ పూర్తి రికార్డు (జాబితా కింద ఇచ్చాను) ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. 2002 నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వవలసి ఉంది. నకళ్ల ఖర్చు కడతాను. ఇందులో ఏ కాగితమైనా మీ దగ్గర లేకపోతే, లేదని రాసివ్వగలరు."

కింద రాజు గారి జాబితా. చివరి వాక్యం మర్చిపోవద్దు, పార్టోగ్రాఫ్ అసలు గీయలేదని వాళ్ల చేతే రాయించేది అదే.

లేబర్‌రూమ్_సిస్టర్
దరఖాస్తు మీద సంతకం తల్లిదే ఉండాలి. భర్త సంతకం పెట్టి పంపితే "పేషెంటు అడగలేదు" అని తిప్పి పంపుతున్నారు. ఆమె రాలేకపోతే ఒక లైను రాసివ్వాలి: "నా తరఫున నా భర్తకి ఇవ్వగలరు."

ఫిజియో_పద్మ
ప్రింటు తీశాను. జాబితా, దరఖాస్తు, 3 నెలల మోచెయ్యి గుర్తు, 30 రోజుల కంటి పరీక్ష, 15100. రేపు పొద్దున ఎనిమిదో నెల బిడ్డతో ఒకామె వస్తుంది, కాన్పు కాగితాలేవీ లేవు. ఆమె చేత మొదటి దరఖాస్తు అక్కడే కూర్చోబెట్టి రాయిస్తాను.